సూరత్ పాంజరాపోళ్: ఎలుక పిల్లల నుంచి గినీపిగ్‌ల దాకా

సూరత్ పాంజరాపోళ్, అంటే ముసలి, గాయపడ్డ జంతువులను సాకే శాల, గుజరాత్ వర్తక నగరాల పాత ఆచారాల్లో ఒకటి. ముసలి ఎద్దులు, కాలు విరిగిన గుర్రాలు, రెక్క తెగిన పావురాలు, ఆఖరికి ఎలుకలు, నల్లులు కూడా ఇలాంటి శాలల్లో చోటు సంపాదించుకున్నాయి. జైన శ్రావకులు, వైష్ణవ వణిక్కులు డబ్బు పోగుచేసి వీటిని నడిపారు. వీటి గురించి రాసేవాళ్లు చాలామంది అహింస దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. చేర్చుకున్న ప్రాణిని గదిలో ఉంచాలా, ఆవరణలోకి వదలాలా, పూర్తిగా విడిచిపెట్టాలా? విడిచిపెడితే ఎప్పుడు, ఎలా? నాలుగు వందల ఏళ్లుగా సూరత్, దాని పొరుగు పట్టణాలు ఈ ప్రశ్నలతోనే వేగుతూ వచ్చాయి. కొన్నిటికి మంచి జవాబులు దొరికాయి, కొన్నిటికి దొరకలేదు.

ఈ ఆచారం గురించి రాసిన తొలి యూరోపియన్లలో రాల్ఫ్ ఫిచ్ ఒకడు. 1583లో భారతదేశానికి వచ్చిన ఈ ఇంగ్లిష్ వర్తకుడు ఖంభాత్‌లో కుంటి కుక్కలకు, పిల్లులకు, పక్షులకు ఆసుపత్రులున్నాయని రాశాడు. ఖంభాత్ అప్పటికి గుజరాత్‌లో పేరున్న రేవు. 1573లో అక్బర్ సూరత్ కోటను పట్టుకున్నాక తాపీ ఒడ్డున ఉన్న సూరత్ మొగల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవుగా ఎదిగింది. హజ్ యాత్రికుల ఓడలు, ఇంగ్లిష్, డచ్చి కంపెనీల కోఠీలు, ఆ కాలపు కుబేరుడనిపించుకున్న వీర్జీ వోరా వంటి షావుకార్లు, అన్నీ అక్కడే. వర్తకం ఖంభాత్ నుంచి సూరత్‌కు మళ్లినా ఈ ఆచారం రెండు ఊళ్లలోనూ నిలిచింది. ఒక ఊరి సంగతి తెలిస్తే రెండో ఊరి పద్ధతీ చాలావరకు అర్థమవుతుంది.

అందుకే ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె రాతలకు ఇంత విలువ. 1623లో సూరత్ రేవులో దిగి, అక్కడి నుంచి ఖంభాత్ వెళ్లిన అతను పక్షుల ఆసుపత్రిని దగ్గరగా చూశాడు. చిన్న ఇల్లు, లోపల రకరకాల పక్షులు. జబ్బు చేసినవి, కుంటివి, జోడు పోగొట్టుకున్నవి. అక్కడి వాళ్లు చెప్పిన నియమం గమనించదగ్గది. బాగుపడ్డాక అడవి పక్షి అయితే ఎగరనిచ్చేవారు. పెంపుడు పక్షి అయితే ఇంట్లో పెంచుకునే ఒక ధర్మాత్ముడికి అప్పగించేవారు. రెండిటినీ ఒకే గాటన కట్టలేదు. పంజరంలో పుట్టి పెరిగిన దాన్ని ఆకాశంలోకి వదలడం దయ కాదని వాళ్లకు బాగా తెలుసు.

అదే ఇంట్లో దెల్లా వల్లె మరో దృశ్యం చూశాడు. తల్లి లేని బుజ్జి ఎలుక పిల్లలను ఒక తెల్లగడ్డం ముసలాయన పెట్టెలో దూది పరిచి అందులో ఉంచి సాకుతున్నాడు. ముక్కు మీద కళ్లద్దాలు పెట్టుకుని, పక్షి ఈకను పాలలో ముంచి ఒక్కొక్క దాని నోటికి అందిస్తున్నాడు. పెద్దవయ్యాక ఏం చేస్తారని అడిగితే, వాటికి ఎటు ఇష్టమైతే అటు పోనిస్తానన్నాడు.

ఈ ముసలాయన చేసిన పని నేటి పశువైద్యుడు కూడా మెచ్చుకునేది. ఎలుక పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరుచుకోవు, ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. తల్లి లేనప్పుడు ఆ వేడి పోకుండా దూది కాపాడుతుంది. గిన్నెలో పాలు పెడితే తాగలేదు, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ఈక కొసన నిలిచే చుక్క దాని నోటికి సరిపోతుంది. విడిచిపెట్టడమనే ఆలోచన మొదటి రోజు నుంచే ఉంది, కానీ దానికి ఒక వయసు, ఒక బలం రావాలని ఆగాడు. నాలుగు గోడల మధ్య పెరిగిన చిన్న ప్రాణిని బయటి బతుకుకు సిద్ధం చేయడం గురించి ఇంత సూక్ష్మంగా కనిపించే పాత వర్ణనలు అరుదు. ఆ ముసలాయన పేరు ఎవరూ రాసిపెట్టకపోవడం బాధాకరం.

సూరత్ సొంత ఆసుపత్రి పేరు యూరప్‌లో మారుమోగింది పాదిరి జాన్ ఒవింగ్టన్ వల్ల. 1689లో బయలుదేరిన ప్రయాణం గురించి అతను రాసిన పుస్తకం 1696లో లండన్‌లో అచ్చయింది. ఊరికి మైలు దూరం లోపు పెద్ద ఆసుపత్రి ఉందని, ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలు అందులో ఉంటాయని, ఖర్చంతా వణిక్కులదేనని రాశాడు. ఏళ్ల తరబడి బండి లాగిన ఎద్దు ఇక పనికిరాదనుకున్న యజమాని దాన్ని కసాయికి ఇవ్వకుండా, వణిక్కులు ఆ ఎద్దును అడిగి తీసుకునేవారు, ఇవ్వనంటే కొనుక్కునేవారు. 1664లో శివాజీ దాడి తర్వాత సూరత్ చుట్టూ గోడ లేచింది. లోపల ఇళ్లు ఒత్తుగా పెరిగిపోయాయి. పెద్ద పశువులకు గడ్డి, నీడ, తిరిగే చోటు కావాలంటే ఊరి బయటే సాధ్యం. ఆసుపత్రి మైలు దూరాన ఉండడంలో ఈ లెక్క కనిపిస్తుంది.

ఒవింగ్టన్ చెప్పిన మరో సంగతిని ఆ తర్వాతి రచయితలు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నారు. ఆ ఆసుపత్రి పక్కనే నల్లులకు, మనిషి నెత్తురు తాగే ఇతర పురుగులకు ఇంకో ఇల్లు ఉందని, వాటికి ఆహారంగా ఒక పేదవాణ్ని కూలికి తెచ్చి రాత్రంతా మంచానికి కట్టి పడుకోబెడతారని అతని కథనం. యూరప్ పాఠకులకు ఇదే ఎక్కువ నచ్చింది. దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. చాలాకాలం పాటు వాళ్లకు సూరత్ పాంజరాపోళ్ అంటే నల్లుల మంచమే గుర్తొచ్చేది. ఎద్దుకు ఎండుగడ్డి మోసినవాళ్లు, గుర్రం కాలికి కట్టు కట్టినవాళ్లు ఆ పుస్తకాల్లో కనిపించరు.

పద్దెనిమిదో శతాబ్దం చివర ఈ శాల ఎలా ఉండేదో జేమ్స్ ఫోర్బ్స్ మొదలైన కంపెనీ ఉద్యోగుల రాతల వల్ల తెలుస్తుంది. చుట్టూ ఎత్తైన గోడ, లోపల విడివిడి ఆవరణలు. ఒక్కో జాతికి ఒక్కో ముంగిలి. ఎవరి జంతువైనా కాలు విరిగితే తెచ్చి ఇక్కడ అప్పగించవచ్చు, యజమానిది ఏ కులం, ఏ దేశం అని అడగరు. 1772 నాటి వివరాల్లో గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, గొర్రెలు, మేకలు, కోతులు, కోళ్లు, పావురాలు, ఇంకా రకరకాల పక్షులు ఉన్నాయి. డెబ్బై అయిదేళ్లుగా అక్కడే ఉందని చెప్పిన ముసలి తాబేలు కూడా ఒకటి. ఎలుకలకు, చిట్టెలుకలకు, నల్లులకు వేరే విభాగం ఉండేది.

ఈ ఏర్పాటును నిదానంగా చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. ఎత్తైన గోడ వీధి కుక్కలను, దొంగలను ఆపుతుంది, ఎండ గాలి మాత్రం లోపలికి వస్తాయి. జంతువు గదిలో మూలన ముడుచుకుని ఉండదు, అలాగని దిక్కులేక వీధిన పడదు. జాతులను విడదీయడం వల్ల కోతి మేక గడ్డిని చిందరవందర చేయదు, గుర్రం తొక్కిడికి కోళ్లు చావవు. ఆరుబయట బతకడం, కాపలాలో బతకడం రెండూ ఒకే చోట జరిగే పద్ధతి ఇది. తాబేలు అన్నేళ్లు బతికిందంటే దానికి నీరు, నీడ, నేల అన్నీ సరిగ్గా అమరాయన్నమాట.

తప్పు జరిగింది చిన్న ప్రాణుల దగ్గర. 1823లో సూరత్ పాంజరాపోళ్‌ను చూసిన అలెగ్జాండర్ బర్న్స్, 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దాని మీద చిన్న వ్యాసం అచ్చు వేయించాడు. అందులో అతను జీవాత్‌ఖానాను, అంటే పురుగుల గదిని, వర్ణించాడు. ద్వారం పక్కనే పాతిక అడుగుల పొడవున్న చిన్న ఇల్లు. నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున చెక్క పలకల అంతస్తు, పైకెక్కడానికి బయటి నుంచి మెట్లు. పలకలకు కన్నాలు చేసి వాటిలోంచి కింది గదిలోకి ధాన్యం పోస్తారు. ఆ ధాన్యంలోంచి పిడికెడు తీసి చూస్తే గింజ ఆనవాలే లేదు, పిడికెడంతా పురుగులే. అప్పటికి ఈ ఇల్లు ఊరి నడిబొడ్డున, జనం కిక్కిరిసిన వీధుల మధ్య ఉంది. కచ్‌లోని అంజార్‌లో ఒక గుడిలో అయిదు వేల ఎలుకలను పిండి పెట్టి పోషిస్తున్నారని, ఆ పిండికి ఊరివాళ్ల మీద పన్ను వేశారని కూడా బర్న్స్ రాశాడు.

ఇళ్లలో ధాన్యం ఏరినప్పుడు దొరికిన పురుగును చంపలేక తెచ్చి అక్కడ వేయడమే జీవాత్‌ఖానా వెనుక ఉన్న ఆలోచన. దాని పవిత్రతను తక్కువ చేసి చూడనక్కర్లేదు. కానీ ఖంభాత్ ముసలాయన ఎలుక పిల్లల విషయంలో చూపిన వివేకం ఇక్కడ లేదు. ఆయన ప్రతి ప్రాణినీ విడిగా చూశాడు, దాని వయసు కనిపెట్టాడు, ఒక రోజున బయటికి పంపాలనుకున్నాడు. జీవాత్‌ఖానాలో లోపలికి వెళ్లే దారే ఉంది, బయటికి వచ్చే దారి లేదు. ప్రాణాన్ని కాపాడడం, ప్రాణిని బతకనివ్వడం అనే రెండు పనుల మధ్య తేడా సూరత్‌లో ఒకే ప్రహరీ లోపల కనిపిస్తుంది.

ఈ శాలలకు డబ్బు మహాజన్ నుంచి వచ్చేది. మహాజన్ అంటే ఊరి వర్తకుల సంఘం. సరుకు చేతులు మారినప్పుడల్లా లాగో పేరుతో చిన్న మొత్తం పక్కన పెట్టేవారు. అందులో కొంత పాంజరాపోళ్‌కు చేరేది. పర్యూషణ్ పండుగ రోజుల్లో జైన కుటుంబాలు జీవదయ కోసం ఇచ్చే విరాళాలు దీనికి తోడు. వ్యాపారం బాగున్నంత కాలం పశువులకు గడ్డి ఉండేది, మందగించినప్పుడు డొక్కలు ఎండేవి. సూరత్ వర్తకం పద్దెనిమిదో శతాబ్దంలోనే బొంబాయికి తరలడం మొదలైంది, ఆచారం కూడా వెంట వెళ్లింది. 1832లో బొంబాయి పోలీసులు వీధి కుక్కను చంపి తెస్తే ఎనిమిది అణాలు ఇస్తామన్నారు. పార్సీలు, జైనులు, హిందువులు వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు. ఆ గొడవల తర్వాత 1834లో జంషెట్జీ జీజీభాయ్, మోతీచంద్ అమీచంద్ మొదలైనవారు బొంబాయి పాంజరాపోళ్‌ను స్థాపించారు. పార్సీ షావుకారు జంషెట్జీ సూరత్‌కు దగ్గర్లోని నవ్‌సారీలో పెరిగినవాడు. ఈ పని ఒక్క మతానికి చెందినది కాదనడానికి ఆయనే సాక్ష్యం.

1899-1900 కరువు ఈ శాలలను కుదిపేసింది. విక్రమ శకం 1956లో వచ్చింది కాబట్టి గుజరాతీలు దాన్ని ఛప్పనియో కరువు, అంటే యాభై ఆరు నాటి కరువు, అంటారు. గడ్డిపోచ దొరక్క పశువులు లక్షల్లో చచ్చాయి. గుజరాత్‌లోని పాంజరాపోళ్‌లకు రైతులు తోలుకొచ్చిన పశువులను లోపల పట్టించే చోటు లేదు, పెట్టే మేత లేదు. ఇరుకు ఆవరణలో వందల పశువులను కుక్కడం రక్షణ కాదని ఆ ఏడాది తెలిసివచ్చింది. 1920ల్లో గాంధీజీ గోసేవ గురించి రాసినప్పుడు గోశాలలు, పాంజరాపోళ్‌లు ఊరి ఇరుకులోంచి విశాలమైన ఆరుబయలుకు వెళ్లాలని, పశువుల పెంపకం తెలిసినవాళ్లు వాటిని నడపాలని పట్టుబట్టాడు. ఒవింగ్టన్ నాటి వణిక్కులు ఊరికి మైలు దూరాన చేసిందే రెండు వందల ఏళ్ల తర్వాత సంస్కరణ పేరుతో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఛప్పనియో కరువు రోజుల్లోనే గినీపిగ్ ఈ చరిత్రలోకి అడుగు పెట్టింది. ఇది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జనం వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్న జంతువు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ద్వారా యూరప్ చేరింది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలయ్యాక పరిశోధకులకు దీని అవసరం పడింది. అక్కడి జంతు ప్రదర్శనశాలలో గినీపిగ్‌లు ప్లేగుతో చచ్చిపోవడం, వాటి ఒంటి మీద ఎలుకల నెత్తురు తాగే ఫ్లీ పురుగులు దొరకడం గ్లెన్ లిస్టన్ అనే వైద్యుడు గమనించాడు. ఎలుకలు చచ్చిపోతే ఆకలిగొన్న ఫ్లీలు దగ్గర్లో ఉన్న వెచ్చటి ఒంటి మీదికి దూకుతాయని దానితో తేలింది. 1905లో మొదలైన ప్లేగు పరిశోధన కమిషన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. జబ్బు ఉన్న గదుల్లో గినీపిగ్‌ల బోనులను నేలకు రెండు అంగుళాల ఎత్తున వేలాడదీస్తే వాటికి ప్లేగు వచ్చింది. రెండు అడుగుల ఎత్తున వేలాడదీస్తే రాలేదు. ఫ్లీ అంత ఎత్తు ఎగరలేదు.

ఆ ప్రయోగాల్లో ఎన్నో గినీపిగ్‌లు ప్రాణాలు వదిలాయి. జీవదయ పేరున్న నేల మీదే అది జరిగింది. అయినా అవి తమ చావుతో నేర్పిన ఆ కొలత చిన్న జంతువులను సాకే ప్రతివాడికీ పనికొస్తుంది. 1994 సెప్టెంబరులో తాపీ వరద తర్వాత సూరత్‌లో ప్లేగు కలకలం రేగి లక్షలమంది ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఊరు శుభ్రపడింది. చెత్త, ఎలుకలు ఉన్నచోట బోనును నేలకు ఆనించి పెట్టకూడదన్న పాఠం సూరత్‌లో పాతబడదు.

స్వతంత్ర భారతం పాంజరాపోళ్‌ను చట్టంలోకి కూడా తీసుకుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద బాధితమైన జంతువును మేజిస్ట్రేటు పాంజరాపోళ్‌కు పంపవచ్చు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం అదే చట్టం కింద నేరం. ఉత్తరాయణం రోజుల్లో గాలిపటాల మాంజా తగిలి రెక్కలు తెగిన పక్షులకు గుజరాత్ ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కరుణా అభియాన్ పేరుతో జనవరి 10 నుంచి 20 దాకా వైద్యం చేయిస్తున్నాయి. కుట్లు మానిన పక్షిని వెంటనే ఎగరేయరు. రెక్కలకు సత్తువ వచ్చేదాకా ఆగి అప్పుడు వదులుతారు. ఖంభాత్ నియమం ఇందులో ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు నగరాల్లో గినీపిగ్ పిల్లల ముచ్చటకు కొనే పెంపుడు జంతువు. అపార్ట్‌మెంటులో ఏసీ గదిలో పెరిగినదాన్ని కొన్నాళ్లకు మేడ మీదికో పెరట్లోకో మార్చాలనుకునే ఇళ్లు, విసిగిపోయి ఏదో పార్కులో వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. ఖంభాత్ నియమం ప్రకారం గినీపిగ్ పూర్తిగా పెంపుడు ప్రాణుల జాబితాలోది. అడవి ఎలుకకు ఉండే చురుకు, బొరియ తవ్వే అలవాటు దీనికి లేవు. వీధిలో వదిలితే కాకి, పిల్లి, ముంగిస దాన్ని ఒక పూట కూడా బతకనివ్వవు. బయటి బతుకు అంటే దీనికి గోడ, కప్పు ఉన్న ముంగిలి మాత్రమే.

యూరప్ పుస్తకాలు గినీపిగ్‌ను వసంతంలో బయటికి తెచ్చి చలికాలంలో లోపలికి తీసుకెళ్లమంటాయి. సూరత్‌లో లెక్క తిరగబడుతుంది. ఈ జంతువుకు హాయైన వేడి 18 నుంచి 24 డిగ్రీలు. 30 దాటితే వడదెబ్బ భయం, ఎందుకంటే చెమట ద్వారా ఒళ్లు చల్లబరుచుకోలేదు. సూరత్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40కి చేరుతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు, చిత్తడి. బయటి గాలి అలవాటు చేయడానికి పనికొచ్చేవి నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులే. అప్పుడు కూడా మధ్యాహ్నం 30 డిగ్రీలుంటుంది కాబట్టి మొదట్లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. వారం గడిచాక కొంచెం కొంచెం పెంచాలి. ఏసీ గది నుంచి నేరుగా ఎండలోకి తేకుండా ముందు ఏసీ ఆపిన గదిలో, తర్వాత నీడ ఉన్న బాల్కనీలో కొన్నాళ్లు ఉంచితే ఒళ్లు తట్టుకుంటుంది.

మేత మార్పు వాతావరణం మార్పు కన్నా ప్రమాదకరం. ఎండుగడ్డి, గింజలు తిని పెరిగిన కడుపుకు ఒక్కసారిగా పచ్చిగడ్డి పెడితే ఉబ్బరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. గుప్పెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ పోవాలి, ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ ఎదుట ఉండాలి. మనిషిలాగే గినీపిగ్ ఒంట్లో కూడా సి విటమిన్ తయారు కాదు. కొత్తిమీర, క్యాప్సికం రోజూ కొద్దిగా పెడితే ఆ లోటు తీరుతుంది. బయటి ముంగిట్లో ఎండ పడకుండా పైన కప్పు, చుట్టూ సన్నకళ్ల ఇనుప వల, నేలకు కనీసం రెండు అడుగుల ఎత్తున పలకల గూడు, దాక్కోవడానికి బోర్లించిన కుండ పెంకు, తోడుకు ఇంకో గినీపిగ్ ఉండాలి. తడిసిన పడకను రోజూ మార్చకపోతే ఈగలు గుడ్లు పెట్టి పుండ్లు పడతాయి. వారానికోసారి తూకం చూస్తే అలవాటు పడుతోందో కృశిస్తోందో తెలిసిపోతుంది. కాళ్లు చాపుకుని పడిపోయి, చొంగ కారుస్తూ, గబగబా ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. వెంటనే చల్లటి నీడకు తెచ్చి చెవులను తడిగుడ్డతో తుడిచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మార్చిలో ఎండలు ముదిరే సూచన కనిపించగానే గూడును ఇంట్లోకి మార్చాలి, మళ్లీ చలి మొదలయ్యాక బయట అలవాటు చేయడం మొదటి గంట నుంచే ప్రారంభించాలి.